ఎండలో నీలం, పొయ్యికాడ గులాబీ

నగల దుకాణంలో కొత్తగా పనికి కుదిరిన వాళ్లు లోపలికి రాగానే అద్దాల పెట్టెల్లోకి చూస్తారు. నేనైతే ముందు తలెత్తి దీపాలు చూడమంటాను. ఏ దీపం పసుపు వెలుతురు ఇస్తోంది, ఏది తెల్లగా కొడుతోంది, గుమ్మంలోంచి ఎండ ఎంత దూరం లోపలికి వస్తోంది, ఇవన్నీ తెలుసుకున్నాకే రాయిని చేతిలోకి తీసుకోవాలి. నవ్వకండి. ఈ ముక్క పట్టించుకోకనే నేను నాకు పని నేర్పిన మనిషిని దొంగ అన్నాను.

నా పేరు నర్సింలు. సిద్దిపేటలో నలభై ఏళ్లు ఉంగరాలకు, కమ్మలకు, పతకాలకు రాళ్లు పొదిగాను. చెయ్యి వణకడం మొదలైన వారంలోనే పనిముట్లు తుడిచి, నూనె రాసి, గుడ్డలో మూట కట్టేశాను. చెయ్యి వణుకుతున్నా పని వదలని మొండివాళ్లున్నారు. వాళ్లు పొదిగిన రాళ్లు పెళ్లి బంతిలో ఊడిపోయి పప్పులో దొరుకుతాయి. నాకు ఆ పేరు అక్కర్లేదు.

ఈ పని నేర్చుకుంటున్న వాళ్లు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి మీ అనుభవం చెప్పండి అంటారు. ఎన్ని నగలు చేశానో, సంఘంలో ఏ పదవి వెలగబెట్టానో చెప్తే వాళ్లకు ఒరిగేదేమీ లేదు. అందుకని నాకు తల కొట్టేసినట్టయిన ఒక సంగతి చెప్తాను. ఒక రాయి, ఒక ఉస్తాద్, ఒక ఆడమనిషి. అంతే.

సామెత

మా బాపు బంగారం పని చేసేవాడు. "అవుసలోడు అవ్వ బంగారమైనా ఇడువడు" అనే మాట నేను నడక నేర్చిన నాటి నుంచి వింటూనే ఉన్నాను. అవుసలోడంటే మేమే, బంగారం పనివాళ్లం, కన్నతల్లి బంగారంలో కూడా కొంత నొక్కేస్తామని ఊరి నమ్మకం. ఆడవాళ్లు పాత గొలుసు కరిగించడానికి ఇచ్చి, కుంపటికి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చునేవాళ్లు. బాపు దగ్గొచ్చి పక్కకు తిరిగినా వాళ్ల చూపు ఆయన చేతుల మీద నుంచి కదిలేది కాదు. నాకు ఒళ్లు మండేది. ఒకసారి ఆగలేక, వీళ్లకు మనం దొంగల్లా కనబడుతున్నామా అని అడిగాను. బాపు వాళ్లకు పీట వేయమన్నాడు.

"సూడనియ్యి బిడ్డా. సూసి పోయినోళ్లే మళ్లొస్తరు."

నాకు అప్పుడది పిరికి మాటలా అనిపించింది. నేను పెద్దయ్యాక ఎవడైనా నన్ను అనుమానిస్తే మొహం మీదే అడిగేస్తానని ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒట్టు భద్రంగానే నిలబెట్టుకున్నాను. కానీ ఎవరి మొహం మీద అడిగానో చూడండి.

రాళ్లు పొదిగే పని కోసం బాపు నన్ను ఖాదర్ ఉస్తాద్ దగ్గర పెట్టాడు. ఆయన ఇంటి అరుగు తూర్పు ముఖం. పొద్దున ఎండ అరుగెక్కినప్పుడు ఆయన కూర్చునేవాడు, ఎండ దిగిపోగానే లేచేవాడు. మధ్యలో మబ్బు పడితే పని ఆపి బీడీ వెలిగించేవాడు. దీపం కింద రాయిని ముట్టుకోగా నేను చూడలేదు.

"సూరజ్ అబద్ధం ఆడడు బేటా. బల్బు యాపారమోళ్ల మనిషి" అనేవాడు సూర్యుణ్ని చూపిస్తూ.

ఆయన మాటలో నిజమెంతో తర్వాత నేను పనిచేసిన పెద్ద దుకాణంలో తెలిసింది. ఆ సేటు బంగారం ఉన్న వైపు పసుపు బల్బులు, వెండి, తెల్లరాళ్లు ఉన్న వైపు తెల్ల ట్యూబులు పెట్టించాడు. ఎవరైనా ఒకసారి బయట ఎండలో చూస్తామంటే వెంటనే చాయ్ చెప్పేవాడు. చాయ్ వచ్చేలోపు వాళ్లు ఆ సంగతి మరిచిపోయేవాళ్లు. మాటల్లో అబద్ధం లేదు, తూకంలో మోసం లేదు, ఉన్నదంతా దీపంలోనే. నేను అక్కడ ఆరేళ్లుండి బయటపడి, పాత బస్టాండు వెనక గల్లీలో చిన్న దుకాణం పెట్టుకున్నాను. నా పని పీట మీద మాత్రం ఒక పసుపు బల్బు వేలాడదీశాను. ఉస్తాద్ దానికి నా అల్లుడని పేరు పెట్టాడు, అంత ముద్దుగా చూసుకునేవాణ్ని కాబట్టి.

సొంత దుకాణం పెట్టాక కూడా కష్టమైన రాయి వస్తే ఆయన అరుగు మీదికే తీసుకుపోయేవాణ్ని. అప్పటికి ఆయనకు డెబ్బై దాటాయి. ఆ చేతికి సాటి చెయ్యి మా జిల్లాలో లేదు.

సగం దించిన షట్టర్

తెలంగాణ కోసం ఊరు ఊరంతా రోడ్డెక్కిన రోజులవి. ఒకరోజు బంద్, మరుసటి రోజు ర్యాలీ, ఆ మరుసటి రోజు రోడ్డు మీదే వంటలు. నేనేమీ సణగలేదు, మేం పనివాళ్లమంతా బ్యానర్ పట్టుకుని నడిచాం. గొంతు పోయేదాకా అరిచాం. బంద్ రోజు దుకాణాలు మూసే ఉండేవి కానీ, నాలాంటి వాళ్లు షట్టర్ సగం దించుకుని లోపల బల్బు కింద చేతిలో ఉన్న పని చూసుకునేవాళ్లు. అది ఊరందరికీ తెలిసిన రహస్యమే.

ఆ రోజుల్లో కండువా గులాబీ, జెండా గులాబీ, చివరికి ఉంగరంలో రాయి కూడా గులాబీయే కావాలనేవాళ్లు. కెంపులు వద్దని గులాబీ రాళ్లు అడిగిన వాళ్లను నేను చూశాను. నీలం మాత్రం ఎప్పుడూ ఉన్నట్టే ఉంది. నీలం శనిది, అందరికీ కలిసిరాదు. కొనేవాళ్లు కూడా నాలుగు రాత్రులు తలగడ కింద పెట్టుకుని పడుకుంటారు. చెడ్డ కల వచ్చిందా, తెల్లారేసరికి రాయి మన దుకాణంలో ఉంటుంది. అడగకుండా ఒకరి చేతికి నీలం తొడిగితే శాపం పెట్టినట్టే లెక్క.

అలాంటి ఒక బంద్ రోజున చిన్నకోడూరు నుంచి మల్లవ్వ అనే ఆమె వచ్చింది. దీక్షా శిబిరంలో కూర్చోవడానికి ఊరి ఆడవాళ్లంతా ట్రాక్టర్‌లో వచ్చారట. వాళ్లను అక్కడ కూర్చోబెట్టి, తాను షట్టర్ కింద నుంచి వంగి లోపలికి వచ్చింది. వేలికున్న ఉంగరం తీసి చెవి దగ్గర ఊపింది. రాయి లొడలొడలాడుతున్న చప్పుడు నాకూ వినబడింది.

"మా ఆయన మస్కట్ నుంచి తెచ్చిండన్నా. మూడేండ్లయింది ఆయన మళ్ల రాక. గీ రాయి గిన ఊడి పొలంల వడ్తే నేను యాడ దేవులాడాలె?"

బల్బు కింద పెట్టి చూశాను. శనగగింజంత రాయి, చక్కటి గులాబీ రంగు, కొంచెం ఊదా కలిసింది. పట్టి ఉంచే బంగారు గోళ్లు అరిగిపోయాయి, కొత్తవి వెయ్యాలి. చీటీ మీద "చిన్నకోడూరు మల్లవ్వ, ఉంగరం ఒకటి, గులాబీ రాయి" అని రాశాను. ఇంతలో బయట బండ్ల మీద కుర్రవాళ్లు నినాదాలిస్తూ వచ్చి షట్టర్ మీద రెండు దరువులు వేశారు. ఆమె గబగబా వెళ్లిపోయింది. నేను ఉంగరాన్ని కాగితంలో చుట్టి డబ్బీలో వేశాను.

ఇక్కడ నా తప్పులు లెక్కపెట్టుకోండి. రాయిని గుమ్మం దగ్గర ఎండలో చూడలేదు. భూతద్దం కంటికి పెట్టి, దాని ఒంటి మీద ఏ మచ్చ ఉందో, ఏ అంచు పగిలిందో చూడలేదు. రంగు ఒక్కటే రాసుకున్నాను. మరుసటి రోజు పొద్దున్నే ఉస్తాద్ ఇంటికి పోయి, పొట్లం విప్పకుండానే ఆయన చేతిలో పెట్టాను. ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఇద్దరూ కలిసి విప్పి చూడాలనేది మా పనిలో మొదటి నియమం. ముప్పై ఏళ్ల సావాసంలో మేమిద్దరం ఆ నియమాన్ని ఎప్పుడో గాలికొదిలేశాం. విప్పి చూడటమంటే నమ్మకం లేనట్టని మా ఇద్దరి ఉద్దేశం.

నోరు జారిన మాట

నాలుగో రోజు శుక్రవారం. నేను వెళ్లేసరికి ఉస్తాద్ నమాజుకు పోయాడు. ఆయన భార్యను నేను చాచీ అంటాను, ఆమె పొట్లం తెచ్చి ఇచ్చింది. గల్లీ మలుపులో, మిట్టమధ్యాహ్నపు ఎండలో, పనితనం చూద్దామని విప్పాను. గోళ్లు ఎంత సన్నగా వేశాడో. వాటి మధ్యలో నీలం రాయి ఉంది.

మబ్బు లేని ఆకాశంలా నీలం. గులాబీ ఛాయ కూడా లేదు. మొదట మల్లవ్వ మొహం గుర్తొచ్చింది. మొగుడు దూరదేశంలో ఉన్న ఆడమనిషి. గులాబీ రాయి ఇస్తే శని రాయి తిరిగిచ్చావా అని ఆమె బజార్లో నిలబడి అడిగితే ఎవడాపుతాడు? సామెత ఊరి నోట్లో ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. ఇంక సిద్దిపేటలో నా చేతికి ఎవరూ గవ్వ కూడా ఇవ్వరు.

ఆ తర్వాత వచ్చిన ఆలోచన చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్తాను. బంద్‌ల వల్ల పనులు లేక అందరి ఇళ్లలోనూ పొయ్యి సన్నగా మండుతున్న కాలం. గులాబీ రాళ్లకు గిరాకీ ఉన్న కాలం. ఉస్తాద్ కూడా మనిషే కదా, అనుకున్నాను. ముప్పై ఏళ్ల నమ్మకం పోవడానికి నిమిషం కూడా పట్టలేదు.

వెనక్కి వెళ్లి అరుగు దగ్గర నిలబడ్డాను. ఆయన టోపీ సర్దుకుంటూ వచ్చి, నన్ను చూసి నవ్వాడు. నేను నవ్వలేదు. రాయి ఏదని అడిగాను. నీ చేతిలోనే ఉంది కదా అన్నాడు. ఇది నేనిచ్చిన రాయి కాదు, నేనిచ్చింది గులాబీ అన్నాను. ఆయన ఉంగరాన్ని తీసుకుని ఎండలో అటూ ఇటూ తిప్పి, నువ్విచ్చింది నీలమే బేటా అన్నాడు. నేను జేబులోంచి చీటీ తీసి ఆయన కళ్ల ముందు పెట్టాను. ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు.

"రాయి మార్చిన్రు ఉస్తాద్" అన్నాను. "నా మొకం ఊర్ల యాడ వెట్టుకోవాలె?"

చాచీ గడపలో నిలబడి అంతా విన్నది. ఉస్తాద్ కోపం తెచ్చుకుని ఉంటే నాకు కొంత సులువయ్యేది. ఆయన అరిచాడా, లేదు. ఒట్టు పెట్టాడా, లేదు. కళ్లజోడు తీసి లుంగీ అంచుతో తుడుచుకున్నాడు.

"సరే బేటా. ఎతుకుత. రేపు రా."

ఎతుకుత అన్నాడు కాబట్టి తీసినట్టే అని నేను అర్థం చేసుకున్నాను. నాలాంటి తెలివిగలవాణ్ని ఊరేగించాలి.

నడుము పట్టిందా

ఉంగరాన్ని మళ్లీ పొట్లం కట్టుకుని దుకాణానికి వచ్చి, షట్టర్ సగం దించి, బల్బు వేసుకుని కూర్చున్నాను. మల్లవ్వకు ఏం చెప్పాలో తెలియడం లేదు. ఆ నీలం రాయిని ఒకసారి భూతద్దంలో చూసి, ఎక్కడి సరుకో కనుక్కుందామని పొట్లం విప్పాను.

గులాబీ రాయి.

కాగితం దులిపాను. పీట కింద చూశాను. ఉంగరం ఒకటే, రాయి ఒకటే. ఎండలో చూద్దామని షట్టర్ కింద నుంచి వంగి బయటికి వచ్చాను. చేతిలో నీలం. మళ్లీ వంగి లోపలికి వెళ్లాను. గులాబీ. బయటికి, నీలం. లోపలికి, గులాబీ. ఎన్నిసార్లు వంగి లేచానో నాకే తెలియదు. మూలమీద బందోబస్తుకు నిలబడ్డ కానిస్టేబుల్ చాలాసేపటి నుంచి నన్నే చూస్తున్నాడు కాబోలు, లాఠీ చంకలో పెట్టుకుని దగ్గరికి వచ్చాడు.

"ఏమైంది పెద్దమనిషీ, నడుమువట్టిందా?"

నేను ఆయన్ను కూడా షట్టర్ కింద నుంచి లోపలికి తీసుకుపోయి చూపించాను. ఆయన బయటికి వెళ్లాడు, లోపలికి వచ్చాడు, బూట్లతో సహా నాలుగుసార్లు వంగి లేచాడు. ఇది మంత్రమా అన్నాడు. తెలియదన్నాను. ఇద్దరం పిల్లల్లా నవ్వుకున్నాం. నేను ముప్పై ఏళ్లు రాళ్ల మధ్య బతికినా ఇలాంటిది చూడలేదు. రంగు మారే రాళ్లు రాజుల దగ్గర ఉండేవని ఎవరో చెప్తే కోతలనుకున్నాను.

ఆ నవ్వు మధ్యలోనే నా నోట్లో పచ్చి వెలక్కాయ పడింది. రాయి మారలేదు. ఉస్తాద్ దాన్ని ఎండలో తప్ప చూడలేదు. నేను దాన్ని బల్బు కింద తప్ప చూడలేదు. మేమిద్దరం చెప్పింది నిజమే. కానీ ఎదుటివాణ్ని దొంగ అన్నది నేను మాత్రమే.

వెంటనే పరిగెత్తాల్సింది. మొహం చెల్లక ఆ రోజు వెళ్లలేదు. దీన్ని కూడా నా తప్పుల్లో కలపండి.

ఆయన నమ్మలేదు

మరుసటి రోజు పొద్దున ఎండ అరుగు నిండా పరుచుకుని ఉంది, అరుగు మీద మాత్రం ఎవరూ లేరు. ఉస్తాద్ ఎండను అలా వదిలేయగా నేను చూసింది అదే మొదటిసారి. లోపల గదిలో ఆయన నేల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన బేసిన్ నిండా నీళ్లు, అందులో అరుగు మీద ఊడ్చిన దుమ్మంతా. పాత చీర గుడ్డలో దాన్ని వడగడుతున్నాడు. పనిముట్లన్నీ ఒక మూటలో కట్టి గోడకు ఆనించి ఉన్నాయి.

నేను నోరు తెరవకముందే ఆయనే మాట్లాడాడు.

"దొరకలే బేటా. కండ్లల్ల పొర వస్తున్నదని దవాఖానల చెప్పిన్రు, నేను నీకు చెప్పలే. ఏ డబ్బీల రాయి ఏ ఉంగరంల వెట్టిన్నో. ఇంక ఇది నా వల్ల కాదు. ఈ సామాను నువ్వే తీస్కపో."

నేను ఆయన్ను దొంగ అన్నాను. ఆయన మాత్రం నేను తప్పు చెప్తానని అనుకోలేదు, తన కళ్లే పోయాయనుకున్నాడు. ఈ రెండిట్లో ఏది పెద్ద దెబ్బో ఇప్పటికీ నాకు తెలియదు. ఏడుపు ఆపుకుంటూ సంగతంతా చెప్పాను. ఎండలో నీలం, దీపం కింద గులాబీ, రాయి ఒకటే అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"నా మనసు కోసం కత జెప్తున్నవ్."

కథ కాదు చూడండి అని లేచి గదిలో స్విచ్ వేశాను. కరెంటు ఆదా అవుతుందని ఇళ్లన్నిటిలో మెలికలు తిరిగిన తెల్ల బల్బులు వచ్చిన రోజులవి. ఆ తెల్ల వెలుతురు కింద రాయి నీలంగానే ఉంది. తిప్పాను, రుద్దాను, దగ్గరగా పెట్టాను. నీలమే. ఉస్తాద్ నా వైపు జాలిగా చూశాడు. అంతలో కరెంటు పోయింది. అల్లా, ఎల్లమ్మ, ఆ రోజు నా పక్షాన ఎవరూ లేరనుకున్నాను.

చాచీ మాత్రం కరెంటు పోయినప్పుడు రోజూ చేసే పనే చేసింది. గోడకున్న కందిలి దించి, చిమ్నీ ఎత్తి, వత్తి వెలిగించింది. గాలికి ఆరిపోతుందని తలుపు మూసింది. పసుపు మంట నిలకడగా నిలబడింది. రాయి నా అరచేతిలోనే ఉంది.

ముగ్గురం తలలు ఒకచోటికి తెచ్చి చూశాం. కందిలి వెలుతురులో రాయి గులాబీ రంగులో మెరుస్తోంది.

ఉస్తాద్ ఉంగరాన్ని లాక్కున్నాడు. కందిలికి దగ్గరగా పెట్టాడు, దూరంగా పెట్టాడు. లేచి తలుపు వేలెడంత తీశాడు. ఎండ చార పడింది, నీలం. మూశాడు, గులాబీ. తీశాడు. మూశాడు. ఆయన మొహంలో మొదట భయం, తర్వాత ఆశ్చర్యం, ఆ తర్వాత నేను పిల్లవాడిగా ఉన్నప్పుడు చూసిన ఒక అల్లరి. అయినా ఇంకా అనుమానమే. చాచీని పిలిచి, నీకేం రంగు కనబడుతోందని అడిగాడు. గులాబీ అంది. తలుపు తీసి మళ్లీ అడిగాడు. నీలం అంది.

"అయితే నా కండ్లు మంచిగనే ఉన్నయ్" అన్నాడు.

నేను ఆయన కాళ్లు పట్టుకున్నాను. ఆయన నన్ను లేపలేదు, వెనక్కి జరగలేదు. కాసేపయ్యాక నా తల మీద చెయ్యి వేశాడు.

"రాయిని రెండు దీపాల కింద సూసినవ్ నర్సిం. నన్ను ఒక్కదాని కిందనే సూసినవ్."

మల్లవ్వకు ముందే తెలుసు

ఆమె మళ్లీ వచ్చినప్పుడు నేను పెద్ద విద్వాంసుడిలా, నీ రాయిలో ఒక వింత ఉంది చెల్లె, కూర్చో చూపిస్తాను అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"రంగు మారుతదనేనా? గది మా కోడలికి, మనుమరాలికి గూడ ఎర్కే. రాళ్ల పని చేసెటోనివి, నీకెర్కలేదా అన్నా?"

ముందే ఎందుకు చెప్పలేదంటే, నువ్వు అడిగినవా అంది. నిజమే. ఎవరిచ్చారు, ఎప్పుడు పెట్టుకుంటారు, ఏం చూశారు, ఈ మూడూ అడిగితే ప్రతి నగ గురించీ నగ వేసుకునే మనిషికే మనకంటే ఎక్కువ తెలుసని బయటపడుతుంది. అప్పటి నుంచి అడగడం నా అలవాటయింది. ఈ రాయి నీకెందుకంత ఇష్టమని ఆమెను కూడా అడిగాను.

"పొలంకాడ నీలముంటది, పనుల వడి నేను దాన్ని సూడను గూడ సూడ. పొద్దుగూకినంక పొయ్యి ముట్టిస్తె గులాబైతది. గప్పుడు ఆయన యాదికొస్తడు. పగటీలి యాదికొస్తె పని సాగుతదా?"

రంగు మారే రాళ్ల మీద మనుషులకు ఎందుకంత మోజు అని తర్వాత చాలామంది నన్ను అడిగారు. ఆమె చెప్పిన దానికంటే మంచి జవాబు నాకు దొరకలేదు.

వెళ్తూ వెళ్తూ ఇది అసలుదేనా అని అడిగింది. అప్పటికి భూతద్దంలో చూసి ఉన్నాను. లోపల మచ్చ లేదు, వంపు తిరిగిన సన్నటి గీతలున్నాయి. భూమిలో పుట్టిన రాయికి అలాంటి గీతలుండవు. మనుషులు కార్ఖానాలో చేసిన రాయి, చాలా చవక. అబద్ధం చెప్పి పంపిద్దామా అని ఒక్క క్షణం అనుకున్నాను, కానీ ఆ వారం నాకు అబద్ధాల మీద రుచి పోయింది. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె ఏమీ చిన్నబుచ్చుకోలేదు. చేసినవాడికి మంచి తెలివి ఉందని మెచ్చుకుని, వేలికి తొడుక్కుని వెళ్లిపోయింది.

రాయి మారదు

నాకు మాత్రం ఆ తర్వాత ఒక పిచ్చి పట్టుకుంది. హైదరాబాదు వెళ్లినప్పుడు అలాంటి చిన్న రాయి ఒకటి కొని, జేబులో వేసుకుని, కనబడిన ప్రతి వెలుతురు కిందా పెట్టి చూశాను. కొవ్వొత్తి కింద గులాబీ. పెట్రోలు బంకు లైట్ల కింద నీలం. దీక్షా శిబిరంలో కట్టిన పెద్ద పసుపు దీపం కింద గులాబీ, అక్కడే గుడారం బయటికి చెయ్యి చాపితే నీలం. మబ్బు పట్టిన రోజు మరీ నీలం. వెన్నెల్లో ఏ రంగూ లేదు, బొగ్గు ముక్కలా ఉంది. మా ఇంట్లోవాళ్లు దాన్ని నా రెండో పెళ్లామన్నారు.

కాలేజీలో సైన్సు చెప్పే సారు ఒకాయన కమ్మలు చేయించడానికి వస్తే, ఇదేమిటి సంగతని పట్టుకున్నాను. ఆ రాయి నీలాన్నీ ఎరుపునూ రెండిటినీ బయటికి వదులుతుందట, మధ్య రంగులను మింగేస్తుందట. ఎండలో నీలం పాలు ఎక్కువ కాబట్టి మన కంటికి నీలం గెలుస్తుంది. మంటలోనూ పసుపు బల్బులోనూ ఎరుపు ఎక్కువ, అక్కడ ఎరుపు గెలుస్తుంది. రాయిలో ఏదీ మారదు. దాని మీద పడేది మారుతుంది.

మీకు చెప్పాల్సింది ఇంకోటుంది. రాయి రంగు మారితే కీడు వస్తుందనీ, విషం పక్కన పెడితే మారుతుందనీ చెప్పి అమ్మేవాళ్లున్నారు. అలా అమ్మకండి. ఒక రిటైర్డ్ ఆఫీసరు నా దగ్గర అలాంటి రాయి కొని, మూడో రోజున తగాదాకు వచ్చాడు. ఇంట్లో పెళ్లాం ముందు ఎంత చూపించినా మారలేదట, ఆమె నవ్విందట. ఆయన ఇంట్లో అన్నీ తెల్ల దీపాలే. ఒక కొవ్వొత్తి ఇచ్చి పంపించాను. ఇప్పుడు పసుపు బల్బులు దొరకడమే కష్టం. కొనేవాడి ఇంట్లో ఏ దీపముందో అడగకుండా ఈ రాయి అమ్మవద్దు.

రాయి పుచ్చుకునేటప్పుడు ఎండలో ఒకసారి, మంట ముందు ఒకసారి చూడండి. చీటీ మీద రంగు రాసి వదలకండి, దాని ఒంటి మీది మచ్చ రాయండి. రంగు వెలుతురును బట్టి పోతుంది, మచ్చ ఎక్కడికీ పోదు.

ఆ ప్రశ్న

ఉస్తాద్ పనిముట్ల మూట విప్పాడు, కంటికి ఆపరేషన్ చేయించుకున్నాడు, మళ్లీ అరుగెక్కాడు. నాతో మునుపటిలాగే నవ్వేవాడు, చాయ్ తాగించేవాడు. ఒక్కటి మాత్రం మారింది. నేను పొట్లం చాపితే చెయ్యి చాపేవాడు కాదు. నా చేతనే విప్పించేవాడు. ఎండలో పెట్టించి అడిగేవాడు.

"చెప్పు నర్సిం. ఏం రంగు?"

నేను చెప్పాలి. తర్వాత చాచీ కందిలి తెచ్చి గది లోపల పెట్టేది. అక్కడ మళ్లీ అదే ప్రశ్న, మళ్లీ నేను చెప్పాలి. అప్పుడు గానీ తీసుకునేవాడు కాదు. రంగు మారే రాళ్లకే కాదు, మామూలు కెంపుకూ, ముత్యానికీ కూడా. ఇది మంచి పద్ధతి, మొదటి నుంచీ ఇలాగే చేయాల్సింది అని ఎవరైనా అంటారు. నేనూ ఇప్పుడు మీకు అదే నేర్పుతున్నాను. కానీ ఆయన ఆ ప్రశ్న రాయి గురించి అడగడం లేదని నాకు తెలుసు. బాపు ముందు పీట వేసుకుని కూర్చున్న ఆడవాళ్లను చూసి ఒళ్లు మండిన నేను, మూడేళ్లు ఆ అరుగు ముందు నిలబడి రంగు చెప్పాను. నాకు కోపం రాలేదు. ఏ హక్కుతో వస్తుంది?

రాష్ట్రం వచ్చిన రోజు సిద్దిపేటలో నేల కనబడలేదు, అంతా గులాబీ గులాల్ పొడే. జనంలోంచి ఈదుకుంటూ ఉస్తాద్ ఇంటికి చేరేసరికి ఆయన అరుగు మీదే ఉన్నాడు. తెల్ల గడ్డం మొత్తం గులాబీ. ఎవరు పూశారని అడిగితే, గల్లీలో ఎవరు పూయలేదో అడుగు అన్నాడు. పండగ రోజు పనేమిటని తిడతాడేమో అనుకుంటూనే, జేబులోంచి పొట్లం తీశాను. అలవాటు ప్రకారం విప్పబోయాను.

ఆయన చెయ్యి చాపాడు. విప్పని పొట్లాన్ని నా వేళ్లలోంచి తీసుకుని, జేబులో వేసుకుని, గుండీ పెట్టుకున్నాడు.

నేను ఇంకా నిలబడే ఉన్నాను, ఆ ప్రశ్న కోసం.

"ఇంక ఏంది బేటా, పో" అన్నాడు. "ఎల్లుండి వచ్చి తీస్కపో."